బావకు తెలియని వాసన

మా బావ కార్ల సీట్లు కుట్టేవాడు. ఊళ్ళో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ సీట్ల మేస్త్రే. పాత కార్లు, వ్యాన్లు, ఒక్కోసారి పళ్ళ డాక్టరు కుర్చీ కూడా ఆయన షెడ్డుకి వచ్చేవి. చిరిగిన రెక్సిన్ ఒలిచేసి, కుంగిపోయిన స్పాంజి మార్చి, కొత్త తొడుగు కుట్టి జిగురుతో అతికించేవాడు. ఆ జిగురు వాసనకి షెడ్డు ముందు నుంచి నడిచిపోయేవాళ్ళకే తల తిరిగేది. ఆయన మాత్రం రోజంతా ఆ డబ్బాల మధ్యే కూర్చుని, అక్కడే టీ తాగి, అక్కడే అన్నం తిని, ఒక జీవితం గడిపేశాడు.

దాంతో ఆయన ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది. పొయ్యి మీద పాలు మాడినా తెలిసేది కాదు. పెళ్ళైన కొత్తలో మా అక్క సెంటు రాసుకుని ఎదురుగా నిలబడి "ఎలా ఉందండీ?" అని అడిగితే, కొత్త చీర కాబోలనుకుని "రంగు బాగుంది" అన్నాడట. ఆ మాటకి మా ఇంట్లో ఏళ్ళ తరబడి నవ్వుకున్నాం. "మరి ఆ ముక్కు దేనికి బావా?" అని నేను ఏడిపిస్తే, "కళ్ళజోడు ఆనడానికి, మరదలు పిల్లా" అనేవాడు. నాకు జుట్టు నెరిసిన తరువాత కూడా నేను ఆయనకి మరదలు పిల్లనే.

వాళ్ళకి పిల్లలు లేరు. ఒక చిన్న కారు ఉండేది. చాలా పాతది, లేత నీలం రంగుది. సీట్లు కుట్టించుకోవడానికి వచ్చిన ఆసామి దాన్ని వదిలించుకోవాలని చూస్తుంటే బావ కొనేశాడు. సెలవురోజు సాయంత్రాలు అక్కని పక్కన కూర్చోబెట్టుకుని ఊరి బయటి రోడ్డు మీద తిప్పేవాడు. ఎక్కడికని ఏమీ లేదు. అలా వెళ్ళి, ఎక్కడో ఆపి, కాసేపు కూర్చుని, తిరిగి వచ్చేవాళ్ళు.

అక్కకి కడుపులో గడ్డ అని తేలినప్పుడు ఆ కారే ఆసుపత్రి బండి అయింది. ఆసుపత్రి పెద్ద ఊళ్ళో ఉంది. కొన్ని వారాలకోసారి వెళ్ళి పగలంతా పడుకుని మందు ఎక్కించుకుని రావాలి. నేను దూరంగా ఒక ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌ని. పరీక్షల రోజులు కావడంతో సెలవు దొరకలేదు. ఫోన్లోనే అడుగుతుండేదాన్ని. "పర్లేదే, అవుతోంది" అనేది అక్క. ఒకరోజు బావ ఫోన్ చేశాడు.

"మీ అక్క ఈసారి రానని మొండికేసింది. డాక్టరు ఇచ్చిన రోజు దాటిపోయింది. నా మాట వినట్లేదు. నువ్వొచ్చి చెప్పమ్మా."

ఆయన గొంతులో మరదలు పిల్ల లేదు. అప్పుడే నాకు భయం వేసింది. ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది అనుకుని మరునాడే బస్సెక్కాను.

అక్క కిటికీ పక్కన మంచం మీద ఉంది. మనిషి సగమైపోయింది. నన్ను చూసి లేవబోయి మానేసింది. బావ నీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళాక అడిగాను.

"ఎందుకక్కా వెళ్ళనన్నావు? మందుకి భయపడ్డావా?"

"మందుకి కాదే. ఆ కారంటే భయం." గొంతు తగ్గించింది. "కూర్చున్న కాసేపటికే పెట్రోలు వాసన గొంతులోకి దిగిపోతుంది. దారంతా వాంతులు. ఆసుపత్రి దగ్గరికొచ్చేసరికే సగం చచ్చి దిగుతున్నాను. తిరిగి రావడం అంతకన్నా నరకం. ఆయనకి చెప్తే, నాకేం రావట్లేదే అంటారు. నర్సునడిగితే, ఈ మందులు పడ్డాక లేని వాసనలు కూడా వస్తాయమ్మా, అది మామూలే అంది. ఇంకెవరికి చెప్పుకోను?"

"వేరే కారు మాట్లాడుకోకపోయారా?"

"ఒకసారి మాట్లాడారు. అందులోనూ వాంతులే. ఆపమన్న ప్రతిసారీ డ్రైవరు మొహం చిట్లించాడు. సిగ్గేసి మళ్ళీ ఎక్కలేదు. మందు తప్పే గాని కారు తప్పేం కాదులే అనుకున్నాం."

బావ మాత్రం ఊరికే కూర్చోలేదు. ఆమెకి సరిపడనిది తన జిగురు వాసనే అని ఆయనకి గట్టిగా నమ్మకం కుదిరింది. ముందు సీటు ఊడదీసి, అతికించినదంతా ఒలిచేసి, కొత్త స్పాంజి వేసి, మెత్తటి గుడ్డతో మొత్తం చేత్తో కుట్టాడు. వెనక్కి వాలి పడుకునేలా వంపు పెట్టాడు. తల పక్కకి జారకుండా చిన్న దిండు కూడా సీటులోనే కలిపి కుట్టాడు. నన్ను వాకిట్లోకి తీసుకెళ్ళి అది చూపించాడు.

"చుక్క జిగురు లేదు చూడు. అంతా దారమే. వారం రోజులు ఎండలో పెట్టాను. అయినా దాంట్లో కూర్చోగానే మళ్ళీ అదే మాట. ఇంకేం చెయ్యాలో నాకు తోచట్లేదమ్మా."

వేళ్ళ కొసల నిండా సూది పోట్లు. సీటు చూస్తే ముచ్చటేసింది. అంత మెత్తటి సీటు మహారాజుల కారులో కూడా ఉండదేమో.

అక్కని బతిమాలి ఒప్పించాను. ఆసుపత్రివాళ్ళు మళ్ళీ రోజు ఇచ్చారు. దానికి ముందు రోజు పొద్దున మందుల షాపుకి వెళ్ళాల్సి వచ్చి, మొదటిసారి నేనా సీట్లో కూర్చున్నాను. వాన పడుతోంది, అద్దాలెత్తేశాం. సందు దాటి మెయిన్ రోడ్డు ఎక్కామో లేదో, గుప్పుమంది.

"బావా, పెట్రోలు."

"ఏంటి?"

"పెట్రోలు కంపు కొడుతోంది."

"నువ్వు కూడానా?"

"నేను కూడా ఏంటి బావా? నాకేం మందులెక్కట్లేదుగా."

ఆ మాట నేను ఆలోచించి అన్నది కాదు. బావ బ్రేకు మీద కాలేశాడు. వెనక వచ్చే వ్యాను వాడు హారన్ మోగించి, తిట్టి, పక్కనుంచి పోయాడు. బావ స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చున్నాడు. వాన నీళ్ళు అద్దం మీద కారుతున్నాయి. తరువాత కారు తిప్పి, ఊరి రెండో చివర ఉన్న మెకానిక్కు షెడ్డుకి పోనిచ్చాడు.

ఆ మెకానిక్కు బావకి చిన్ననాటి స్నేహితుడు. పిల్లలు గ్రీజు తాత అంటారు. ఆయన బానెట్టెత్తి, ఇంజను ఆన్‌లోనే ఉంచమని, టార్చి వేసి చూశాడు. వెంటనే చెయ్యి ఊపుతూ "ఆపు, ఆపు" అన్నాడు.

"ఒరేయ్, ఇన్నాళ్ళూ దీంట్లో ఎలా తిరిగావురా? అంటుకోలేదు, పుణ్యం చేసుకున్నావు."

ఇంజను పక్కన గుప్పెడంత డబ్బా ఒకటి బిగించి ఉంది. అదే పెట్రోలు పంపు. టాంకులోంచి పెట్రోలు లాగి ఇంజనుకి అందిస్తుంది. దాని కింద సన్నటి బెజ్జం, ఆ బెజ్జం అంచున ఒక చుక్క వేలాడుతోంది.

"లోపల రబ్బరు పొర ఉంటుంది, అది చిరిగింది," అన్నాడు గ్రీజు తాత. "ఇంజను నడిచినంతసేపూ కారుతుంది. వేడికి అక్కడికక్కడే ఆవిరైపోతుంది. అందుకే నీకు నేల మీద మరక కనపడలేదు. ఆ ఆవిరంతా గాలి జాలీలోంచి నేరుగా లోపలికి, కూర్చున్నవాళ్ళ మొహం మీదికి."

"బండి ఎక్కడా ఆగలేదురా," అన్నాడు బావ. "ఒక్కసారి ఆగినా నీ దగ్గరికి తెచ్చేవాణ్ణి."

"ఆగాలని రూలేం లేదు. ఇలా ఈడ్చుకొస్తూనే ఉంటుంది."

"ఎన్నాళ్ళ నుంచి కారుతుండొచ్చు?"

"నెలలే అయి ఉంటుంది. చూడు, ఇక్కడి జిడ్డంతా కడిగినట్టు పోయింది."

బావ చెయ్యి పెట్టి ఆ చుక్కని వేలి మీద తీసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. తరువాత ఆ వేలు నా వైపు చాపాడు.

"వస్తోందా?"

అంత దూరానికే నాకు ముక్కు పగిలిపోతోంది. తలూపాను. గ్రీజు తాత ఏదో జోకు వెయ్యబోయి నా మొహం చూసి మానేశాడు.

"రేపటికల్లా చేసి పెడతాలేరా. ఇంటికి పో."

"నేను చేస్తాను," అన్నాడు బావ. "నువ్వు పక్కనుండి చెప్పు."

"నీకెందుకురా ఈ పని? నువ్వు సూది పట్టేవాడివి."

బావ చెయ్యి చాపాడు. గ్రీజు తాత స్పానరు ఆయన చేతిలో పెట్టాడు.

ఆ మోడలు పంపు ఇప్పుడు కొత్తది దొరకదట. లోపలి పొర, దాని చిన్న సామాను విడిగా దొరికితే చాలన్నాడు గ్రీజు తాత. "నా దగ్గర మంచి రెక్సినుంది, కత్తిరించి వేద్దామా?" అని బావ అడిగాడు. "నీ రెక్సిన్ పెట్రోల్లో నానితే అప్పడంలా ఉబ్బుతుంది. సీటు కాదురా ఇది" అని తిట్టాడు ఆయన. నేను ఫోన్ చేసి పక్కింటావిడని అక్క దగ్గర కూర్చోమన్నాను. బావ వానలోనే పాత సామాన్ల కొట్లన్నీ తిరిగి, మధ్యాహ్నానికి దుమ్ము పట్టిన ఒక పొట్లం పట్టుకొచ్చాడు.

ముందు బ్యాటరీ వైరు విప్పించాడు గ్రీజు తాత, నిప్పురవ్వ లేవకుండా. టాంకు నుంచి వచ్చే గొట్టం పీకి, దాని మూతికి ఒక బోల్టు దూర్చి మూశారు. మిగిలిన పెట్రోలు డబ్బాలోకి పట్టారు. నట్లు విప్పి పంపు బయటికి తీస్తే, దాని చిన్న ఇనప నాలుక, ఇంజను లోపలి నుంచి తోస్తే పైకీ కిందికీ ఊగేది, నూనె కారుతూ బయటపడింది. విడదీసే ముందు పంపు పైమూత మీదా, అడుగు మీదా కలిపి ఆకురాయితో ఒక గీత గీయమన్నాడు గ్రీజు తాత. మళ్ళీ బిగించేటప్పుడు గీతకి గీత కలవాలి, లేకపోతే గొట్టాలు అడ్డదిడ్డంగా తిరుగుతాయి.

చుట్టూ ఉన్న స్క్రూలు విప్పి పైమూత తీశారు. రబ్బరు పొర బయటికొచ్చింది. బొట్టుబిళ్ళంత చిరుగు కూడా కాదు. మడత పడే చోట సన్నగా, గోటితో గీసినట్టుంది. బావ దాన్ని వెలుతురుకి పెట్టి, అటూ ఇటూ లాగి చూశాడు.

"ఇంతేనా?"

"ఇంతేరా."

"ఇది నా చేతికొచ్చి ఉంటే ఒక్క కుట్టు పని," అన్నాడు. అది నిజం కాదని ఆయనకీ తెలుసు.

కొత్త పొర వేసి, లోపలి కొక్కేనికి తగిలించి, మూత పెట్టి బిగించారు. ఇంజనుకీ పంపుకీ మధ్య వేసే అట్ట బావే కత్తిరించాడు. ఆ పని ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. గొట్టాలు ఎండి పగిలి ఉంటే అవి కూడా మార్చారు. ఇంజను స్టార్ట్ చేశారు.

"ఏదీ, నీ ముక్కు అప్పివ్వు," అన్నాడు బావ నాతో.

వంగి చూశాను. వాసన తగ్గింది గాని పోలేదు. మూత అంచు వెంట తడి మెరుస్తోంది.

"తొందరపడ్డావురా," అన్నాడు గ్రీజు తాత. "నాలుక నొక్కి పట్టుకుని బిగించమన్నానా? పొర సాగినప్పుడు బిగిస్తే సర్దుకుంటుంది, లేకపోతే అంచు ముడుచుకుంటుంది. మళ్ళీ విప్పు."

మళ్ళీ అంతా విప్పాడు. ఈసారి నాలుక నేను నొక్కి పట్టుకున్నాను. ఆయన ఎదురెదురు స్క్రూలు కొంచెం కొంచెంగా బిగించుకుంటూ వచ్చాడు. మళ్ళీ ఇంజను స్టార్ట్ చేసి, అద్దాలెత్తి, నన్ను లోపల కూర్చోబెట్టి ఊరంతా తిప్పాడు. ప్రతి మలుపులోనూ "వస్తోందా?" అని అడిగాడు. లేదన్నాను. ఎన్నిసార్లు లేదన్నా నమ్మకం కుదరక, గ్రీజు తాతని ఎక్కించుకుని ఇంకో చుట్టు తిప్పాడు.

ఇంటికి వచ్చాక చేతులు సబ్బుతో తోముకుని తోముకుని, అక్క మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక దుప్పటి అంచు సరిచేశాడు.

"అది నీ మందుల వాసన కాదు," అన్నాడు చివరికి. "కారుదే. పంపు చిరిగి పెట్రోలు కారింది. నెలల నుంచి."

అక్క ఆయన్ని చూసింది. తరువాత నన్ను చూసింది.

"నిజంగా వచ్చిందా?"

"నిజంగానే అక్కా. నాకూ వచ్చింది."

"అయితే నాకు మతి పోలేదన్నమాట," అంది. ఆ మాట అంటూ నవ్వింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. "లేని వాసనలు వస్తున్నాయి, రేపు లేని మనుషులు కనపడతారేమో అని ఎంత హడలిపోయానో మీకేం తెలుసు. నిజంగానే వచ్చిందా."

ఆమెకి అది పెద్ద ఊరట. ఆ ఊరట చూసే బావ తట్టుకోలేకపోయాడు. తిట్టినా బాగుండేది. లేచి వంటింట్లోకి వెళ్ళి, కుళాయి విప్పి చాలాసేపు అలాగే నిలబడ్డాడు. నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు నేను వెనక కూర్చున్నాను. అక్క ముందు సీట్లో వెనక్కి వాలి, ఒడిలో ఎప్పటిలాగే గిన్నె పెట్టుకుంది. కాసేపు ఊపిరి బిగపట్టి కూర్చుంది. తరువాత మెల్లగా పీల్చింది. ఇంకాసేపటికి గిన్నె కాళ్ళ దగ్గర పెట్టేసింది. ఊరు దాటకముందే నిద్రపోయింది. బావ కుట్టిన చిన్న దిండులో తల ఒదిగిపోయింది. ఆ సీటు ఎందుకు కుట్టాడో ఆ పనికి అది ఆరోజే పనికొచ్చింది. గుంతలన్నీ తప్పిస్తూ, ఎడ్లబండిలా నడిపాడు. ఆసుపత్రి ముందు ఆపాక కూడా లేపలేదు. "ఇంకొంచెం పడుకోనీ" అన్నాడు నాతో, గుసగుసగా.

ఆరోజు మందు ఎక్కించలేదు. ఫోటోలు తీసి, రక్తం చూసి, డాక్టరు బావనీ నన్నూ లోపలికి పిలిచాడు. గడ్డ ఆగలేదు, పక్కలకి పాకింది, ఇక ఈ మందు బలహీనపరచడానికే గాని బాగుచెయ్యడానికి పనికిరాదన్నాడు. నొప్పి తెలియకుండా బిళ్ళలు రాసిస్తానన్నాడు.

"ఒకసారి మానేసిందండీ," అన్నాడు బావ. "మధ్యలో ఒకసారి రాలేదు. దానివల్లనా?"

"దానివల్ల కాదు. అది మానకపోయినా ఇంతే జరిగేది."

బావ తలూపి బయటికొచ్చాడు. మెట్ల దగ్గర ఆగి నాతో అన్నాడు: "ఆయన చెప్పాల్సిన మాట అది. చెప్పాడు."

ఆ తరువాత డాక్టరు మాట నిజమేనని నేనెంత చెప్పినా ఆయన చెవికెక్కలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నానని ఒకటే అనేవాడు. నేను సెలవు పొడిగించి అక్కడే ఉండిపోయాను. అక్కకి ఓపికున్న సాయంత్రాల్లో ఆయన ఆమెని రెండు చేతులతో ఎత్తి తెచ్చి ఆ సీట్లో కూర్చోబెట్టి, పాత రోడ్డు మీద తిప్పుకొచ్చేవాడు. ఇప్పుడు కారులో ఆమెకి ఏ బాధా లేదు. ఒకసారి తిరిగొచ్చి, దారిలో అరటిపండు తిన్నానే అని నాకు చిన్నపిల్లలా చెప్పింది. ఆ తరువాత ఇంకొక్కసారి వెళ్ళింది, మళ్ళీ వెళ్ళే ఓపిక రాలేదు.

ఒక మధ్యాహ్నం బావ పని మీద బయటికెళ్ళినప్పుడు నన్ను దగ్గరికి పిలిచింది.

"ఆయన ముక్కు సంగతి నాకు తెలియనిదా? ఆ మనిషినడిగి, ఆయన లేదంటే ఊరుకున్నాను చూడు. పక్కింటావిణ్ణి ఒకసారి కూర్చోబెట్టినా తేలిపోయేది. తెలివితక్కువ నాది. ఈ మాట ఆయనకి నువ్వు చెప్పు. నేను చెబితే ఏడుస్తారు."

"నేను చెప్పినా ఏడుస్తాడక్కా."

"నువ్వైతే ఏదో ఒకటి అని నవ్విస్తావులే."

అక్క తెల్లవారుతుండగా పోయింది. బావ ఆమె చెయ్యి పట్టుకునే ఉన్నాడు. చాలాసేపటి వరకు వదల్లేదు. గ్రీజు తాత వచ్చి, "ఒరేయ్, ఇంక వదులురా" అని మెల్లగా వేళ్ళు విడదీశాడు.

జరగాల్సినవన్నీ జరిగాక నేను హాస్టలుకి తిరిగి రావాల్సిన రోజొచ్చింది. బావ కారులో బస్టాండుకి తీసుకొచ్చాడు. నన్ను ముందు కూర్చోమనలేదు, నేనూ అడగలేదు. వెనకే కూర్చున్నాను. బస్టాండు బయట ఆపి, ఇంజను ఆపేసి, అద్దంలో నన్ను చూస్తూ అడిగాడు.

"నన్నేమైనా అందా మీ అక్క? చివర్లో. నిజం చెప్పు."

చెప్పాను. ఆమె అన్నది అన్నట్టే చెప్పాను. నవ్వించడానికి నాకు ఏ మాటా దొరకలేదు.



"తన మీదేసుకుని పోయిందన్నమాట," అన్నాడు. "నాకు చెప్పిందమ్మా. ప్రతిసారీ చెప్పింది. నా ముక్కుకి రాకపోతే, తను చెప్పింది నా చెవికి వచ్చిందిగా. ఆ చెవి ఏం చేస్తోంది?"

బస్సు వచ్చేదాకా నా సంచి పట్టుకుని నిలబడ్డాడు. కిటికీ పక్కన సీటు దొరికిందో లేదో చూసి, ఆ సీటు స్పాంజి కుంగిపోయిందని, నడుం నొప్పి పెడుతుందని, మడిచిన తువ్వాలు కింద వేసుకోమని తెచ్చిచ్చాడు.

షెడ్డు ఇప్పటికీ నడుస్తోంది. ఆదివారాలు ఫోన్ చేస్తుంటాను. ఎక్కువ మాట్లాడడు. తిన్నాను, పడుకున్నాను, పనుంది, ఇంతే. మొన్న మాత్రం, మీ దగ్గర ఎండలెలా ఉన్నాయని అడిగాడు. మండిపోతున్నాయన్నాను.

"ఇక్కడా అంతే. ఈ ఎండలు మీ అక్కకి పడవు," అన్నాడు.

నేను దిద్దలేదు. అవును బావా, పడవు అన్నాను.